దూరాన ఉన్న ప్రింటర్‌ని ఫోన్‌లోనే దారిలో పెట్టడం ఎలా?

“బావా, ప్రింటర్ చచ్చిపోయినాది.”

ఒడిశాలోని గుణుపురం నుంచి మా బావమరిది ఫోన్ చేస్తే కుశల ప్రశ్నలుండవు, ఇదే మొదటి మాట. అతనికి అక్కడ జిరాక్సు షాపు ఉంది. నేనుండేది పర్లాకిమిడిలో. కంప్యూటర్ పని కాస్త తెలుసు కాబట్టి అటు రాయగడ నుంచి ఇటు బరంపురం దాకా మా చుట్టాల ప్రింటర్లు, స్కానర్లు, వేలిముద్ర మిషన్ల బాధలన్నీ నా ఫోన్‌కే వస్తాయి.

ఒకసారి అడ్మిషన్ల రోజుల్లో ఇలాగే ఫోన్ చేశాడు. షాపు ముందు పిల్లలు బారులు తీరి ఉన్నారు. నేను వెంటనే అతని కంప్యూటర్ తెరని నా దగ్గర తెరిచి, ఆగిన ప్రింట్లు తీసేసి, రెండుసార్లు రీస్టార్ట్ చేసి, నలభై నిమిషాలు కుస్తీ పట్టాను. ప్రింటర్ ‘ఆఫ్‌లైన్’ అనే అంటోంది. చివరికి విసుగొచ్చి “పొద్దున్నుంచి ఏమైనా కదిపావా?” అని అడిగాను.

“ఏటీ కదపలేదు బావా. ఊడుస్తుంటే వైరు ఊడొస్తే మళ్లీ పెట్టానంతే.”

అసలు సంగతంతా ఆ ‘అంతే’లో ఉంది. వైరుని వేరే యూఎస్‌బీ పోర్టులో పెట్టాడు. అలా పోర్టు మారితే విండోస్ చాలాసార్లు దాన్ని కొత్త ప్రింటర్ అనుకుని, అదే పేరుకి ‘కాపీ 1’ అని తోక తగిలించి ఇంకోటి తయారుచేస్తుంది. ప్రింట్లేమో పాత పేరుకే పోతున్నాయి. లిస్టులో ఆ ‘కాపీ 1’ నాకు కనిపిస్తూనే ఉంది, ఎప్పటిదో పాత చెత్త అనుకున్నాను. వైరు పాత పోర్టులో పెట్టమన్నాను. ఆగిపోయినవన్నీ బరబరా వచ్చేశాయి.

అప్పట్నుంచి నా వరస మార్చుకున్నాను. ముందు లైటు, తర్వాత తీగ, ఆ తర్వాతే తెర. మీ ఊళ్లో అమ్మానాన్నల కంప్యూటర్‌కైనా, చుట్టాల షాపుకైనా ఇదే వరస పనికొస్తుంది. కింద చెప్పేదంతా విండోస్ 10, 11 లెక్కన.

1. ముందు రెండు ఫోన్లు అడగండి

మా కొండల మధ్య సిగ్నల్ సంగతి తెలిసిందే. ఒకే ఫోన్‌తో హాట్‌స్పాట్ ఇచ్చి, అందులోనే మాట్లాడుతుంటే, కాల్ 2జీకి జారిన క్షణం నెట్ ఆగిపోతుంది. మీరు చూస్తున్న తెర కొయ్యబారిపోతుంది. అందుకే ఒక ఫోన్ నెట్‌కి, ఇంకోటి మాటకి. రెండోది పక్క షాపాయన దగ్గర తీసుకున్నా సరే.

2. వాడుక మాటల్లో అడగండి

‘యూఎస్‌బీ టైప్ బీ కేబుల్ చెక్ చెయ్యి’ అంటే అవతల నిశ్శబ్దం. ‘ప్రింటర్ వెనక చతురస్రంగా, పై మూలలు రెండూ చెక్కేసినట్టుండే పిన్ను ఉంది చూడు, దాన్ని పీకి గట్టిగా నొక్కు’ అంటే చేతులు కదులుతాయి. వాడుక భాష కోసం అంత పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ ఈ సంగతి నేను ఇంత ఆలస్యంగా నేర్చుకోవడం కాస్త సిగ్గుచేటే.

‘ఏమైంది?’ అని అడిగితే ‘పనిచెయ్యట్లేదు’ అనే జవాబు వస్తుంది. దాని బదులు మూడు అడగండి. చివరిసారి ఎప్పుడు పనిచేసింది? ఆ తర్వాత ఏం ఊడింది, ఏం జరిగింది, కరెంటు ఏమైనా పోయి వచ్చిందా? తెర మీద ఏం రాసి ఉంది, ఉన్నది ఉన్నట్టు చదువు. చదవడం కష్టమైతే ఫొటో తీసి పంపమనండి. స్క్రీన్‌షాట్ కంటే ఫోన్‌తో తీసిన ఫొటోయే మేలు, అందులో పక్కనున్న ప్రింటర్ లైట్లు కూడా పడతాయి.

3. వీడియో కాల్‌లో లైట్లు, వైర్లు చూడండి

స్క్రీన్ షేరింగ్‌లో మీకు కనపడనివి ఇవే. పవర్ లైటు నిలకడగా ఉందా, మిణుకుమంటోందా? ఏ రంగు? వైరు నేరుగా సీపీయూలోకి వెళ్తోందా, మధ్యలో హబ్బు (ఒక పోర్టుని నాలుగు చేసే డబ్బా) ఏమైనా ఉందా? హబ్బు ఉంటే పక్కన పెట్టించి, సీపీయూ వెనక పోర్టులో నేరుగా పెట్టించండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చే కరెంటు 500 మిల్లీయాంపులు, 3.0 అయితే 900. సొంత పవర్ లేని హబ్బుకి నాలుగు పరికరాలు తగిలిస్తే అవన్నీ ఆ కాస్తనే పంచుకోవాలి. వైరు పొడవు కూడా చూడండి. యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు దాటకూడదు. కౌంటర్ అటు చివరికి ప్రింటర్ జరిపి, ఎక్స్‌టెన్షన్ మీద ఎక్స్‌టెన్షన్ వేసి ‘అప్పుడప్పుడు పనిచేస్తోంది’ అనేవాళ్లని చాలామందిని చూశాను.

లేజర్ ప్రింటర్ యూపీఎస్‌కి తగిలించారేమో కూడా అడగండి. లోపలి రోలర్ వేడెక్కేటప్పుడు అది ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది, చిన్న యూపీఎస్ తట్టుకోలేదు. ప్రింట్ కొట్టగానే కంప్యూటర్‌తో సహా ఆరిపోతోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

4. చెవితో పట్టుకోండి

ఇది నాకు బాగా ఇష్టమైన పరీక్ష. ఫోన్‌ని కంప్యూటర్ స్పీకర్ దగ్గర పెట్టించి, వైరు పీకి మళ్లీ పెట్టమనండి. పీకినప్పుడు రెండు స్వరాలు దిగుతూ, పెట్టినప్పుడు రెండు స్వరాలు ఎక్కుతూ వినిపిస్తాయి. అలా వినిపిస్తే తీగ, పోర్టు బతికే ఉన్నట్టు, ఇక చూడాల్సింది డ్రైవర్‌నీ (పరికరంతో విండోస్ మాట్లాడటానికి వాడే సాఫ్ట్‌వేర్) సెట్టింగ్‌నీ. ఏ చప్పుడూ లేకపోతే తీగ గాని, పోర్టు గాని, పరికరం గాని పోయి ఉండాలి (స్పీకర్ మ్యూట్‌లో లేదని ముందే చూసుకోండి, నేనొకసారి ఇక్కడే బోల్తా పడ్డాను). ఎవరూ ముట్టుకోకుండానే ఎక్కుతూ దిగుతూ మోగుతుంటే వైరు వదులైనా అయుండాలి, కరెంటు చాలకైనా అయుండాలి.

5. ప్రింటర్‌ని ఒంటరిగా పరీక్షించండి

కంప్యూటర్ వైరు పూర్తిగా పీకించి, ఆల్ ఇన్ వన్ (స్కానర్ కూడా ఉన్న ప్రింటర్) అయితే గాజు మీద ఒక కాగితం పెట్టి జిరాక్సు తీయించండి. కాపీ శుభ్రంగా వస్తే స్కానర్, ప్రింటర్ రెండూ ఆరోగ్యంగా ఉన్నట్టే. తప్పు చాలావరకు వైరులోనో కంప్యూటర్‌లోనో ఉంటుంది. కాపీ కూడా రాకపోతే డ్రైవర్ జోలికి వెళ్లకండి, దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఒట్టి ప్రింటర్ అయితే దాని బటన్‌తోనే టెస్ట్ పేజీ తీసే పద్ధతి చాలా మోడల్స్‌లో ఉంటుంది, మోడల్ నంబర్‌తో వెతికితే దొరుకుతుంది.

వానాకాలంలో రెండేసి కాగితాలు కలిసి లోపల ఇరుక్కుంటుంటే ముందు కాగితాన్ని అనుమానించండి. చెమ్మ పీల్చిన కట్ట తీసేసి కొత్త కట్ట విప్పించండి. దీనికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

6. ఇప్పుడు తెర తెరవండి

అవతలి తెర మీ దగ్గర తెరవడానికి విండోస్‌తోపాటు వచ్చే క్విక్ అసిస్ట్ చాలు. రెండు వైపులా కంట్రోల్, విండోస్ కీ, క్యూ కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. సాయం చేసే మీకు మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి, అవతలివాళ్లకి అక్కర్లేదు. మీకు వచ్చిన కోడ్ వాళ్లకి చదివి వినిపించాలి. నిదానంగా చదవండి గాని మరీ నిదానం వద్దు, కోడ్‌కి గడువు ఉంటుంది.

తెరవకముందు బ్యాంకు పేజీలు, వాట్సాప్, కస్టమర్ల ఆధార్ కాగితాలు మూయించండి. మీరు సొంత మనిషే కావచ్చు, ఆ ఆధార్ మాత్రం వేరేవాళ్లది. ఇంకో మాట కూడా వాళ్లకి చెప్పి ఉంచండి: సాయం కోసం తామే ఫోన్ చేస్తేనే కోడ్ వేయాలి. తెలియనివాడు తనంతట తాను ఫోన్ చేసి ‘మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ యాప్ వేసుకోండి’ అంటే ఫోన్ పెట్టేయడమే. ఈపాటికే డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

పని మధ్యలో ‘ఈ ప్రోగ్రామ్‌ని అనుమతించాలా’ అని విండోస్ అడిగినప్పుడు మీకు తెర ఆగిపోయినట్టు కనిపిస్తుంది. కంగారు పడకండి, అవతలివాళ్లని ‘ఎస్’ నొక్కమంటే మళ్లీ వస్తుంది.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ (కంప్యూటర్‌లోని పరికరాలన్నిటి లిస్టు) తెరవండి. పసుపు గుర్తు గాని, కిందికి చూసే బాణం గాని ఉన్నదాని మీద రెండుసార్లు నొక్కితే ఒక కోడ్ కనిపిస్తుంది. 22 అంటే ఎవరో డిసేబుల్ చేశారు, ఎనేబుల్ చేస్తే సరి. 28 అంటే డ్రైవర్ లేదు. 10 అంటే పరికరం మొదలవ్వడం లేదు, డ్రైవర్ తీసేసి మళ్లీ వేయండి. 43 అంటే పరికరమే తన బాగోలేదని చెప్పుకుంది, విండోస్ ఆపేసింది. 43 కనిపిస్తే వైరు, పోర్టు మార్చి చూడండి, ఆపైన ఇంకో కంప్యూటర్‌కి తగిలించి చూడండి. అక్కడా అదే వస్తే పరికరం పోయినట్టే.

ఏ డ్రైవర్ వేయాలో తెలియకపోతే అక్కడే డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీలు చూడండి. వీఐడీ పక్కనున్న నాలుగు అక్షరాలు కంపెనీ గుర్తు: 03ఎఫ్0 హెచ్‌పీది, 04ఏ9 కేనన్‌ది, 04బీ8 ఎప్సన్‌ది. డ్రైవర్ ఆ కంపెనీ సైటు నుంచే దించుకోండి. గూగుల్‌లో పైన కనిపించే ‘ఉచిత డ్రైవర్’ సైట్లు ప్రింటర్‌ని బాగుచేయవు, కంప్యూటర్‌ని పాడుచేస్తాయి.

ప్రింటర్ల లిస్టులో ‘కాపీ 1’ ఉందేమో చూడండి (నా నలభై నిమిషాలు మీకెందుకు?). డిఫాల్ట్ ప్రింటర్‌ని విండోసే చూసుకునే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, చివరిసారి వాడినదే డిఫాల్ట్ అయి కూర్చుంటుంది. నిన్న పీడీఎఫ్ చేశారు, ఇవాళ ప్రింట్ ఇస్తే అదీ పీడీఎఫే అవుతుంది. ఆ సెట్టింగ్ తీసేయండి. క్యూలో ఒక ప్రింట్ ‘డిలీటింగ్’ అంటూ కదలకపోతే, సర్వీసెస్‌లో (విండోస్ వెనక నడిచే ప్రోగ్రామ్‌ల లిస్టు) ప్రింట్ల క్యూ నడిపే ప్రింట్ స్పూలర్ ఆపి, విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, దాన్లో స్పూల్, దాన్లో ప్రింటర్స్ అనే ఫోల్డర్ లోపలి ఫైళ్లు మాత్రం తీసేసి, స్పూలర్ మళ్లీ నడపండి.

వైఫై ప్రింటర్ అయితే దాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) చూడండి. 169.254తో మొదలైతే రౌటర్ దానికి అడ్రస్ ఇవ్వలేదన్నమాట. రౌటర్, ప్రింటర్ రెండూ ఆపి, ముందు రౌటర్, కాసేపాగి ప్రింటర్ వేయించండి.

7. మిగతా పరికరాలు

కీబోర్డ్ పాడైందన్న ఫోన్లలో చాలా వాటికి కీబోర్డ్ పాడవ్వదు. మా వైపు షాపుల్లో ఒడియా, తెలుగు, ఇంగ్లిష్ మూడూ ఉంటాయి. అనుకోకుండా విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కుకుపోతే భాష మారిపోతుంది. పర్లాకిమిడిలోనే ఒక పెద్దాయన ‘పాస్‌వర్డ్ కొడితే జిలేబీలు పడుతున్నాయి’ అన్నారు. ఒడియా అక్షరాలవి. నిజంగా ఏదైనా కీ ఇరుక్కుందేమో చూడాలంటే కంట్రోల్, విండోస్, ఓ కలిపి నొక్కి తెర మీది కీబోర్డ్ తెప్పించండి, నొక్కుకుపోయిన కీ అందులో వెలుగుతూ కనిపిస్తుంది.

ఆధార్ వేలిముద్ర మిషన్‌కి డ్రైవర్ ఒక్కటే చాలదు, ఆర్‌డీ సర్వీస్ (వేలిముద్రని ఆధార్ కోసం భద్రంగా తీసుకునే ప్రోగ్రామ్) కూడా నడుస్తూ ఉండాలి, దానికి నెట్ కావాలి. డివైస్ మేనేజర్‌లో అంతా బాగుండి ‘నాట్ రెడీ’ అంటుంటే సర్వీసెస్‌లో దాన్ని రీస్టార్ట్ చేయండి. అంతకన్నా ముందు గాజు మెత్తటి గుడ్డతో తుడిపించండి. పరికరం కాసేపు వాడకపోతే నిద్రపోతుంటే, డివైస్ మేనేజర్‌లోని యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్‌కి వెళ్లి, కరెంటు ఆదా కోసం ఆపేయొచ్చన్న టిక్కు తీసేయండి. కెమెరా రాకపోతే ప్రైవసీ సెట్టింగులు, లెన్సు ముందున్న చిన్న మూత చూడండి. శబ్దం రాకపోతే అది మానిటర్‌కి పోతోందేమో చూడండి.

8. ఎప్పుడు ఆపేయాలి

మాడు వాసన వచ్చిందంటే, పిడుగు పడ్డ మర్నాడు లైటే వెలగలేదంటే, రెండు కంప్యూటర్లలోనూ 43 వచ్చిందంటే ఫోన్‌లో చేయగలిగింది అయిపోయింది. మిషన్ పంపించమనడమే. గుణుపురం రైలు పర్లాకిమిడి మీదుగానే వెళ్తుంది కాబట్టి మా బావమరిది ఇటు వచ్చేవాళ్లెవరికో ఇచ్చి పంపుతాడు. లేజర్ అయితే టోనర్ తీసి విడిగా నల్లటి కవర్‌లో పెట్టమనండి. ఇంకు ట్యాంకు ప్రింటర్ అయితే ఎట్టి పరిస్థితిలోనూ పక్కకి వాల్చొద్దని చెప్పండి. పవర్ వైరు, యూఎస్‌బీ వైరు కూడా పెట్టెలో పెట్టమని రెండుసార్లు చెప్పండి. మొన్న ప్రింటర్ వచ్చింది, వైర్లు గుణుపురంలోనే ఉండిపోయాయి.