హోమ్‌లోని పిల్లలతో స్నేహం చేయాలనుకునే వారికి

విజయవాడ పెద్ద రైల్వే జంక్షన్ కావడంతో, ఇల్లు విడిచి రైలెక్కిన పిల్లలు ఇక్కడి ప్లాట్‌ఫారాల మీద దిగడం ఏళ్ల తరబడి జరుగుతున్నదే. అలా దొరికిన పిల్లలను, నా అన్నవారు లేని పిల్లలను, ఉన్నా సాకలేని ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలను బాలల సంక్షేమ సమితి ఎదుట హాజరుపరుస్తారు. ఇంటికి పంపే వీలు లేనివారు సమితి ఉత్తర్వు మీద హోమ్‌లలో ఉంటారు. అక్కడ అన్నం పెట్టేవారు, బడికి పంపేవారు ఉంటారు గానీ, ఫలానా పిల్లవాడి కోసమే వచ్చి పక్కన కూర్చునే మనిషి ఉండటం అరుదు. అలాంటి మనిషి కావాలనుకునే వారి కోసం, నగరంలోని ఒక హోమ్‌కు కొన్నేళ్లుగా ఆదివారాలు వెళ్తున్న అనుభవంతో ఇది రాస్తున్నాను.

ముందుగా తేల్చుకోవలసినది మీ తీరిక. నెలకు రెండు ఆదివారాలు, పూటకు రెండు గంటలు, కనీసం ఏడాది పాటు రాగలరా? ప్రతి వారం వస్తానని చెప్పి మూడో వారం మానేయడం కంటే, నెలకు ఒక్కసారే వస్తానని చెప్పి తప్పకుండా రావడం ఎంతో మేలు. ఇది నేను తప్పు చేసి తెలుసుకున్న విషయం. వెళ్లడం మొదలుపెట్టిన కొత్తలో, గుంటూరులో బంధువుల పెళ్లి ఉందని ఒక ఆదివారం ఫోనైనా చేయకుండా మానేశాను. ఆ రోజు పదకొండేళ్ల పిల్లవాడు క్యారమ్ బోర్డు మీద పౌడరు చల్లి, కాయిన్లు పేర్చి, చీకటి పడేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదని తర్వాత వార్డెన్ గారు చెప్పారు. మూడు వారాలు వాడు నాతో మాట్లాడలేదు. నాలుగో వారం స్ట్రైకర్‌ను నా వైపు తోసి, "మీరు మొదలుపెట్టండి అన్నయ్యా" అన్నాడు. అప్పటి నుంచి రాలేని రోజు ఉంటే ముందే ఫోన్ చేసి, ఆ పిల్లవాడితోనే చెబుతున్నాను.

తర్వాత హోమ్‌ను ఎంచుకోవాలి. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 41వ సెక్షన్ ప్రకారం ప్రతి హోమ్ రిజిస్టరై ఉండాలి. ఈ సంగతి జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడిగి తెలుసుకోవచ్చు. దరఖాస్తుతో పాటు ఆధార్ నకలు, పోలీస్ వెరిఫికేషన్, మీ గురించి చెప్పగల ఇద్దరి వివరాలు అడిగితే నొచ్చుకోకండి. ఇవేమీ అడగకుండా గేటు తీసే చోటు గురించే అనుమానించాలి. పిల్లలతో ఒంటరిగా మూసిన గదిలో కూర్చోకూడదు. వరండాయో, ఆటస్థలమో, నలుగురూ కనిపించే చోటే మంచిది. బయటకు తీసుకెళ్లడానికి సూపరింటెండెంట్ అనుమతి తప్పనిసరి.

మొదటి కొన్ని వారాలు ప్రశ్నలు వేయకండి. "మీ అమ్మానాన్నలు ఏమయ్యారు? ఎందుకు పారిపోయి వచ్చావు?" అనేవి ఆ పిల్లలు పోలీసులకు, సమితికి, కౌన్సెలర్లకు ఇప్పటికే ఎన్నోసార్లు జవాబు చెప్పిన ప్రశ్నలు. అనాథ అనే మాట అసలు వాడకండి; వీరిలో చాలామందికి ఎక్కడో తల్లి ఉంది, ఆమె ఫోన్ కోసం వారు ఎదురుచూస్తుంటారు. చేతికి పని ఉంటే మాట దానంతటదే వస్తుంది. పుస్తకాలకు అట్టలు వేయడం, గాలిపటానికి సూత్రం కట్టడం, ఎక్కాలు అప్పజెప్పించుకోవడం వంటివి చాలు.

తమ పుట్టినరోజుకు కేకు తెచ్చి, పిల్లలను వరుసగా నిలబెట్టి పాట పాడించి, ఫొటోలు తీసుకుని వెళ్లే వారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. పైగా సంరక్షణలో ఉన్న పిల్లలను గుర్తుపట్టేలా పేరు గానీ ఫొటో గానీ బయటపెట్టడం ఆ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా ఉండవచ్చు. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టినా అది బయటపెట్టడమే. ఒక్కరికే ఖరీదైన బహుమతి ఇవ్వకండి. రాత్రికి అది డార్మిటరీలో గొడవ అవుతుంది.

దసరా, సంక్రాంతి సెలవుల్లో మాత్రం తప్పక వెళ్లండి. ఇళ్లున్న పిల్లలు వెళ్లిపోయాక, ఎవరూ తీసుకెళ్లని ముగ్గురో నలుగురో మిగులుతారు, వారికి ఆ రోజులు గడవవు. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి చుట్టుపక్కల ట్రాఫిక్ మళ్లింపులు ఉంటాయి కనుక ఒక గంట ముందే బయలుదేరండి.

ఎప్పుడో ఒకనాడు పిల్లవాడు, "ఎవరికీ చెప్పనంటే ఒకటి చెబుతాను" అంటాడు. చెప్పనని మాట ఇవ్వకండి. "నీకు దెబ్బ తగిలే సంగతైతే, నిన్ను కాపాడగలవారికి చెప్పాల్సి వస్తుంది" అని అప్పుడే నెమ్మదిగా చెప్పండి. లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానం కలిగినా, పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం మీ బాధ్యత. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చేయవచ్చు. మీరు స్వయంగా విచారణ మొదలుపెట్టవద్దు. పిల్లవాడు అన్న మాటలు అన్నట్టే రాసి పెట్టుకోండి.

పద్దెనిమిది నిండుతున్న వారికి మీ అవసరం ఇంకా ఎక్కువ. హోమ్ విడిచాక కూడా 21 ఏళ్ల వరకు చేయూత ఇచ్చే ఏర్పాటు చట్టంలో ఉంది. దాని గురించి ఆఖరి నెలలో గాక ఏడాది ముందే సూపరింటెండెంట్‌తో మాట్లాడండి. ఆధార్‌లో పేరు టెన్త్ సర్టిఫికెట్‌లోని పేరుతో సరిపోయిందా, బ్యాంకు ఖాతా పనిచేస్తోందా చూడండి. ఒకసారి అద్దె గది చూడటానికి వెంట వెళ్లి, అడ్వాన్సు గురించి ఓనరుతో వారి చేతనే మాట్లాడించండి.

మీకు బదిలీ అయినా, పిల్లవాడిని సొంత జిల్లాకు పంపుతున్నా, వీలైనంత ముందే చెప్పండి. నేను క్యాలెండర్ తెచ్చి, మిగిలిన ఆదివారాలను వాడి చేతే గీత గీయిస్తాను. చివరి గీత పడే రోజున కొత్త ఆట ఏదీ పెట్టుకోకుండా, ఎప్పుడూ ఆడే క్యారమ్సే ఆడతాము.