బడ్జీలు, కాక్‌టీల్స్‌ను పిల్లలతో సహా కారులో తీసుకెళ్లాలంటే

ఏసీ వేసిన కారులో పెద్ద పక్షులు హాయిగా ఉంటాయి, ఈకలు రాని పిల్లలు మాత్రం చల్లబడిపోతాయి. ఏసీ ఆపితే పిల్లలు బాగానే ఉంటాయి కానీ పెద్దవి నోరు తెరిచి రొప్పుతాయి. కుదుపుల వల్ల కన్నా ఈ ఉష్ణోగ్రత తేడా వల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది. అందుకే రెండు తరాలకు రెండు ఏర్పాట్లు ఉండాలి.

ప్రయాణం నిజంగా ఇప్పుడే తప్పదా అన్నది ముందు తేల్చుకోండి. బడ్జీలు (మన దగ్గర లవ్‌బర్డ్స్ పేరుతో అమ్మేవి చాలావరకు ఇవే) గుడ్డు నుంచి వచ్చిన 30–35 రోజులకు గూడుగా కట్టిన కుండలోంచి బయటికి వస్తాయి. కాక్‌టీల్స్ (తల మీద కుచ్చు ఉండే చిన్న చిలుకలు) నాలుగైదు వారాలకు వస్తాయి. అంతవరకు ఆగగలిగితే ఆగడమే మేలు. రెండు వారాల లోపు పిల్లలతో దూర ప్రయాణం పెట్టుకోవద్దనే మా సలహా. ఆ వయసులో ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడం వాటికి చేతకాదు, పైగా రెండు మూడు గంటలకోసారి మేత పడాలి. గుడ్లు పొదుగుతున్న జంటను కదిపితే ఆ గుడ్ల మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

చట్టం సంగతి. బడ్జీలు, కాక్‌టీల్స్ విదేశీ జాతులు, వాటిని పెంచుకోవడానికి అడ్డు లేదు. రామచిలుకను పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, కారులో పెట్టుకుని తిరగడం సంగతి చెప్పనక్కర్లేదు. సన్ కన్యూర్ (పసుపు రంగు విదేశీ చిలుక) లాంటి వాటికి కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు కావాలి, ఆ కాగితం వెంట ఉంచుకోండి. బర్డ్ ఫ్లూ వార్తలు వస్తుంటే బయల్దేరే ముందు పశుసంవర్ధక శాఖ ఆంక్షలు కనుక్కోండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో అది వచ్చినప్పుడు తెలంగాణ సరిహద్దులో కోళ్ల బండ్లను ఆపేశారు.

పెద్దవాటి పంజరం

ఇంట్లో ఉండే పెద్ద పంజరం కాకుండా చిన్నది తీసుకోండి. రెక్కలు చాచే చోటు ఉంటే చాలు, ఎగిరే చోటు ఉంటే బ్రేకు వేసినప్పుడల్లా ఊచలకు కొట్టుకుంటాయి. బడ్జీలకు ఊచల మధ్య 12 మి.మీ. మించకూడదు. ఊయల, గంట, అద్దం, నీళ్ల గిన్నె తీసేయండి. కూర్చునే కర్ర ఒక్కటే, అడుగు నుంచి నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తులో గట్టిగా బిగించండి. తలుపుకు క్లిప్పు గానీ తీగ గానీ కట్టండి. బడ్జీ ముక్కుతో తలుపు పైకెత్తడం నేర్చుకుంటే దాన్ని ఎవరూ ఆపలేరు.

నీళ్లు ఎలాగూ ఒలికిపోతాయి కాబట్టి కీరా ముక్కలు, గింజలు తీసిన ఆపిల్ ముక్కలు పెట్టండి. కొర్ర కంకి ఒకటి వేలాడదీస్తే భయపడ్డ పక్షి కూడా కాసేపటికి దాని మీద పడుతుంది. ఆగిన ప్రతిచోటా నీళ్లు పెట్టి తీసేయండి.

పంజరాన్ని వెనక సీటు మీద పెట్టి సీటు బెల్టు దాని చుట్టూ తిప్పి బిగించండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో వద్దు, గాలి ఆడని డిక్కీలో అసలే వద్దు. మూడు వైపులా పల్చటి నూలు గుడ్డ కప్పి ఒక వైపు తెరిచి ఉంచండి. ఏసీ 26–27 డిగ్రీల దగ్గర పెట్టి, గాలి నేరుగా తగలకుండా తిప్పేయండి. కారులో వేలాడే సెంటు డబ్బా ఒకరోజు ముందే తీసేయండి. అగరుబత్తి, కర్పూరం, సిగరెట్, బాడీ స్ప్రే ఏవీ వద్దు, పక్షుల ఊపిరితిత్తులు వాటిని తట్టుకోలేవు.

పక్షిని పట్టేటప్పుడు గదిలో వెలుతురు తగ్గించి, మెడను రెండు వేళ్ల మధ్య ఉంచి వీపు మీదుగా పట్టండి. ఛాతీ నొక్కవద్దు. ఛాతీ ఎముక కదిలితేనే దానికి ఊపిరి ఆడుతుంది, గట్టిగా పట్టుకుంటే చేతిలోనే చనిపోవచ్చు.

పిల్లల డబ్బా

పిల్లల్ని కుండతో సహా కారు ఎక్కించవద్దు. కుండ దొర్లుతుంది, బెదిరిన తల్లి లోపల తొక్కేస్తుంది. పిల్లల్ని తీసి విడిగా తీసుకెళ్లి, కుండను ఖాళీగా తెచ్చుకోండి.

మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాకు పై అంచున చుట్టూ రంధ్రాలు పెట్టండి. లోపల అడుగున చిన్న తువ్వాలు, దాని మీద ఒక గిన్నె, గిన్నెలో టిష్యూ పేపర్లు. నున్నటి న్యూస్‌పేపర్ వేస్తే కాళ్లు జారి పక్కలకు విడిపోతాయి. గిన్నె ఇరుగ్గానే ఉండాలి, మూడు నాలుగు పిల్లలు ఒకదానికొకటి ఆనుకుంటే కుదుపులకు పొర్లవు.

వేడి కోసం అర లీటరు సీసాలో వేడినీళ్లు పోసి, తువ్వాలు రెండు చుట్లు చుట్టి, డబ్బాలో ఒక పక్కన మాత్రమే పెట్టండి. ఎక్కువైతే గిన్నెను రెండో పక్కకు జరపడానికి చోటు ఉండాలి. వైరు ఉన్న డిజిటల్ థర్మామీటర్ కొనను గిన్నె పక్కన ఉంచి, అంకెలు బయటికి కనిపించేలా అంటించండి. అప్పుడే పుట్టినవాటికి 35–36 డిగ్రీలు కావాలి. కళ్లు తెరిచినవాటికి 33, ముళ్లలా ఈకలు మొలుస్తున్నవాటికి 30, ఒళ్లంతా ఈకలు వచ్చినవాటికి 26 దగ్గర సరిపోతుంది. అంకె కన్నా పిల్లల తీరే నమ్మదగింది. ఒకదాని మీద ఒకటి ఎక్కి వణుకుతుంటే చలి. విడివిడిగా పడుకుని నోళ్లు తెరిస్తే వేడి, వెంటనే సీసా తీసేయండి.

మేత, సమయం

పిల్ల మెడ కింద ఉబ్బెత్తుగా కనిపించే సంచి క్రాప్. అది నిండుగా ఉండగా కారు కదిలితే మేత పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాబట్టి కనీసం గంట ముందే మేత పెట్టేయాలి. నడుస్తున్న కారులో సిరంజితో మేత పట్టవద్దు.

తల్లిదండ్రులు పంజరంలో బెదిరి ఉన్నప్పుడు మేత పెట్టవు కాబట్టి దారిలో మీరే పెట్టాలి. పిల్లలకు సిరంజి కొత్త కాకుండా రెండు రోజుల ముందు నుంచే రోజుకొకటి రెండు సార్లు అలవాటు చేయండి. హ్యాండ్ ఫీడింగ్ పొడిని (పక్షి పిల్లలకు మనం పట్టే మేత పొడి) ప్యాకెట్ మీద చెప్పిన కొలతలో, ఫ్లాస్కులోని వేడినీళ్లతో అప్పటికప్పుడు కలపాలి. 39–40 డిగ్రీల వేడి ఉండాలి. అంతకు మించితే క్రాప్ కాలుతుంది, చల్లారితే అరగక అక్కడే పులుస్తుంది. వేలితో చూసి అంచనా వేయకండి, థర్మామీటర్ పెట్టండి. ఒక్కోసారికి పిల్ల బరువులో పదో వంతు చాలు. 35 గ్రాముల బడ్జీ పిల్లకు 3 మి.లీ. పైచిలుకు, 80 గ్రాముల కాక్‌టీల్ పిల్లకు 8 మి.లీ. ముందటి మేత దాదాపు ఖాళీ అయ్యాకే మళ్లీ పెట్టాలి.

హైదరాబాద్ నుంచి విజయవాడకు మూడు వారాల పిల్లలతో వెళ్తున్నారనుకోండి. వాటికి నాలుగు గంటలకోసారి మేత. తెల్లవారుజామున నాలుగింటికి పెట్టి, ఐదింటికి బయల్దేరండి. దాదాపు సగం దూరంలో ఉన్న సూర్యాపేటకు ఏడున్నర ప్రాంతంలో చేరతారు. నీడలో ఆపి, ఎనిమిదింటికి మేత పెట్టి, తొమ్మిదిదాకా కదలకండి. ఈ గంట ఆగడానికి బద్ధకించేవాళ్లే ఎక్కువ. సీసాలో నీళ్లు మార్చడానికి, పెద్దవాటికి నీళ్లు పట్టడానికి ఆ సమయం పనికొస్తుంది. టీ తాగడానికి వెళ్తే ఒకరు కారులోనే ఉండాలి, ఏసీ నడుస్తూ ఉండాలి. ఎండలో ఆపి అద్దాలు మూస్తే పది నిమిషాల్లో లోపల పది డిగ్రీలు పెరుగుతుంది. రాత్రి ప్రయాణం చల్లగా ఉంటుంది కానీ, ఎదురు బండ్ల లైట్లు మెరిసినప్పుడల్లా కాక్‌టీల్స్ ఉలిక్కిపడి రెక్కలు విరగ్గొట్టుకుంటాయి.

గోరు తెగి రక్తం కారితే కార్న్‌ఫ్లోర్ అద్ది ఒక నిమిషం నొక్కి పట్టుకోండి.

చేరాక

ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపండి, తర్వాతే పంజరం తలుపు ముట్టుకోండి. కుండను పాత పంజరంలో ఎలా ఉండేదో అదే ఎత్తులో, అదే వైపు తిప్పి కట్టండి. పెద్దవి నీళ్లు తాగి, గింజలు తిన్నాక పిల్లల్ని కుండలో పెట్టండి. చాలా జంటలు మళ్లీ మేత పెడతాయి, కొన్ని పెట్టవు, కొన్ని పిల్లల తలల్ని పొడుస్తాయి. రెండు గంటల తర్వాత క్రాప్ చూడండి. నిండితే సరే. ఖాళీగా ఉన్నా, తల మీద గాట్లు కనిపించినా పిల్లల్ని మళ్లీ డబ్బాలోకి తీసుకుని, ఈకలు పూర్తిగా వచ్చి సొంతంగా గింజలు తినేదాకా సిరంజితోనే పెంచాలి. కాక్‌టీల్స్ విషయంలో అది ఎనిమిది నుంచి పది వారాల వయసు దాకా సాగుతుంది, పొడి ప్యాకెట్లు దానికి తగ్గట్టే తెచ్చుకోండి.