గొట్టంలో నీరు చూసి వరికి తడి

మాది వరంగల్ జిల్లా వర్ధన్నపేట వైపు. బోరు కింద రెండెకరాల చల్కా (ఇసుక కలిసిన తేలిక ఎర్ర) నేలలో రసాయనాలు లేకుండా వరి పండిస్తున్నాను. మడిలో ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉంటేనే వరి అని మా అత్తమ్మ నమ్మేది, నేనూ నమ్మాను. 2018 జనవరి నుంచి 24 గంటల కరెంటు రావడంతో మోటారు ఆపడమే మరిచాం. ఆ యాసంగిలో మార్చి చివరికి బోరు ఆగి ఆగి పోసింది. నీటిని కొలవడం అప్పుడు నేర్చుకున్నాను.

అందుకు 30 సెంటీమీటర్ల పొడవు, చెయ్యి దూరేంత వెడల్పు ఉన్న ప్లాస్టిక్ గొట్టం ముక్క చాలు. కింది సగానికి చుట్టూ రంధ్రాలు వేసి, ఆ సగం మట్టిలో దిగేలా పాతాలి. లోపలి మట్టిని చేత్తో తోడేయాలి. గట్టు పక్కన పాతవద్దు. గట్టు నుంచి నాలుగడుగులు లోపలికి, ఎత్తూ పల్లమూ కాని చోట పెట్టండి. తడి ఇచ్చాక గొట్టం లోపలా బయటా నీరు ఒకే మట్టంలో ఉండాలి. లేకపోతే రంధ్రాలు పూడుకున్నట్టే.

మడిపైన నీరు కనిపించకపోయినా కంగారు పడకండి, వేర్లకు కింద తేమ ఉంటుంది. గొట్టం అడుగున మట్టి కనిపించినప్పుడు, అంటే నీరు 15 సెంటీమీటర్ల లోతుకు దిగినప్పుడు, 5 సెంటీమీటర్లు నిలిచేలా తడి ఇవ్వండి. చల్కాలో నీరు త్వరగా ఇంకుతుంది కాబట్టి రోజూ పొద్దున చూస్తాను. రేగడి అయితే వెడల్పాటి పగుళ్లు పడనివ్వకండి, తర్వాత పెట్టిన నీరంతా వాటిలోకే పోతుంది. దమ్ము చేసేటప్పుడే మడి చదునుగా లేకపోతే ఇదంతా వృథా.

అసలు చిక్కు కలుపు. నీరు నిలిపేది దాన్ని అణచడానికే. మనం మందు కొట్టం కదా. అందుకే నాటు వేసిన మొదటి రెండు వారాలు పలుచగా నీరు ఉంచుతాను. 25 సెంటీమీటర్ల దూరంలో సాళ్లుగా నాటి, నాటిన పది పన్నెండు రోజులకు మొదటిసారి, ఆపైన పది రోజులకోసారి కోనోవీడర్ (సాళ్ల మధ్య చేత్తో తోసే కలుపు యంత్రం) తోలుతాను. నేల ఆరి ఉంటే అది కదలదు, తడి ఇచ్చిన మర్నాడే తోలాలి. జీవామృతమూ (ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి కలిపి పులియబెట్టిన ద్రవం) తడితోనే: ఎకరానికి 200 లీటర్లు, నీరు దిగే మడవ దగ్గర సన్నగా పారేలా పోస్తాను. ఒక్క తడితో రెండు పనులు!

ఒక్క తప్పు మాత్రం చేయకండి. మొదటి ఏడాది నేను పొట్ట దశలోనూ, అంటే వెన్ను ఇంకా బయటికి రాకముందు, ఆరబెట్టాను. వెన్నులు వచ్చాయి, చేతిలో నలిపితే సగం తాలే. ఆ రోజు గట్టు మీద కూర్చుని ఏడ్చాను. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత వరకు మడిలో నీరు తగ్గనివ్వకండి, గొట్టం వైపు చూడనే వద్దు. గింజ పాలు పోసుకున్నాక మళ్లీ ఆరుతడి, అంటే గొట్టం చూసి ఆరనిచ్చి తడి ఇవ్వడం. కోతకు పది పదిహేను రోజుల ముందు నీరు ఆపి, గొట్టం పీకి, రంధ్రాలు పుల్లతో శుభ్రం చేసి దాచుకుంటాను.