ఓంప్‌ఎఫ్ గుండా ఆంపిసిలిన్: బ్యాక్టీరియా బయటి పొరను దాటే అణువును సిమ్యులేషన్‌లో పట్టుకోవడం ఎలా

ఈ.కోలి లాంటి గ్రామ్-నెగటివ్ బ్యాక్టీరియాకు రెండు పొరలుంటాయి. బయటి పొర పైభాగాన్ని లైపోపాలీశాకరైడ్ దట్టంగా కప్పేస్తుంది. అందుకే నీటిలో కరిగే చిన్న మందులు చాలావరకు కొవ్వులోంచి దూరవు, పోరిన్లనే ప్రోటీన్ రంధ్రాల్లోంచి వెళ్తాయి. ఆ దారిలో పట్టేది సుమారు 600 డాల్టన్ల లోపు అణువులే. ఓంప్‌ఎఫ్ అలాంటి పోరిన్, ఆంపిసిలిన్ 349 డాల్టన్ల యాంటీబయాటిక్ అణువు. ఈ జంటను తీసుకుని, గ్రోమాక్స్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో చార్మ్36ఎమ్ ఫోర్స్ ఫీల్డ్‌తో (పరమాణువుల మధ్య బలాలను చెప్పే పారామితుల సమితి) లెక్కను మొదటి నుంచి చివరి దాకా ఎలా నడపాలో ఇక్కడ రాస్తున్నాం. ఒక ప్రోటీన్‌ను నీటి పెట్టెలో పెట్టి నడిపిన అలవాటు మీకుంటే చాలు.

అణువును రంధ్రంలోంచి లాగడం సులభమే. ఇరుకులో అది అన్ని వైపులకూ తిరిగి చూసిందా, లేదా మీరు పెట్టిన తీరులోనే ఇరుక్కుపోయిందా అన్నది తేల్చుకోవడానికే ఎక్కువ సమయం పడుతుంది. ఇక్కడ చెప్పే జాగ్రత్తల్లో ఎక్కువ భాగం దాని కోసమే.

నిర్మాణం సిద్ధం చేయడం

ప్రోటీన్ డేటా బ్యాంక్ నుంచి ఓంప్‌ఎఫ్ నిర్మాణం, 2ఓఎమ్‌ఎఫ్ అనే ఎంట్రీని తీసుకోండి. మామూలు ఫైల్లో ఒక్క గొలుసే ఉంటుంది. పొరలో ఓంప్‌ఎఫ్ మూడు గొలుసుల ట్రైమర్‌గా ఉంటుంది కాబట్టి బయలాజికల్ అసెంబ్లీ ఫైలునే దించుకోవాలి. ఒక్క గొలుసునే నడిపితే పక్క గొలుసులకు ఆనుకుని ఉండాల్సిన గోడ కొవ్వుకు తగులుతుంది, దాంతో రంధ్రం ఆకారమే మారిపోవచ్చు. డిటర్జెంట్ అణువులు తీసేయండి, నీటి అణువులు ఉంచండి. పొర ప్రోటీన్ల దిశలను ఇచ్చే ఓపీఎమ్ డేటాబేస్‌లో ట్రైమర్ పొరకు సరైన దిశలో తిప్పి ఉంటుంది, ఆ నిలువునే వాడండి.

ప్రతి గొలుసులో 340 రెసిడ్యూలు (అమైనో ఆమ్లాలు), పీపాలా చుట్టుకుని బీటా బ్యారెల్ అయ్యే 16 బీటా స్ట్రాండ్లు. ఎల్3 అనే మూడో లూప్ బయట ఉండకుండా రంధ్రంలోకి మడుచుకుని, దారిని దాదాపు 0.7 × 1.1 నానోమీటర్లకు కుదిస్తుంది. ఆ ఇరుకులో ఎల్3 వైపు ఆస్పార్టేట్ 113, గ్లూటమేట్ 117 ఉంటాయి. ఎదుటి గోడ మీద ఆర్జినిన్ 42, 82, 132 వరుసగా ఉంటాయి. ఒక వైపు రుణావేశం, మరో వైపు ధనావేశం ఉండటంతో రంధ్రానికి అడ్డంగా బలమైన విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. అసలు కథంతా అక్కడే. ఈ అంకెలు సిగ్నల్ పెప్టైడ్ (మొదట్లో ఉండి తర్వాత తెగిపోయే ముక్క) తీసేసిన ప్రోటీన్‌వి. యూనిప్రోట్ డేటాబేస్ వరుసలో 22 ఎక్కువగా కనిపిస్తాయి. ఇది చూసుకోకుండా మ్యుటేషన్ పెడితే వేరే రెసిడ్యూ మారిపోతుంది.

ప్రోటాన్ల విషయంలో గ్లూటమేట్ 296ను తప్పక చూడండి. అది ఎల్3 కొసను పట్టి ఉంచే చోట, ఆస్పార్టేట్ 312 పక్కనే ఉంటుంది. దానికి ప్రోటాన్ పెట్టాలి, ఆవేశం సున్నా కావాలి. పెట్టకపోతే రెండు రుణావేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, ఎల్3 సడలి రంధ్రంలోకి జారుతుంది. సాఫ్ట్‌వేర్ దానంతటదే ఇచ్చే డిఫాల్ట్‌లో ఈ ప్రోటాన్ ఉండదు. మూడు గొలుసుల్లోనూ మీరే మార్చాలి.

ఆంపిసిలిన్ పారామితులు

కార్బాక్సిల్ పీకేఏ (ప్రోటాన్ సగం అణువుల్లో ఊడిపోయే పీహెచ్) సుమారు 2.5, అమైన్‌ది సుమారు 7.3. అంటే పీహెచ్ 7 దగ్గర రెండు ఆవేశాలూ ఉన్న జ్విటర్‌అయాన్ రూపం, ఒక్క రుణావేశమే ఉన్న రూపం రెండూ ఉంటాయి. ముందు జ్విటర్‌అయాన్‌తో మొదలుపెట్టండి, రెండో రూపం వేరే లెక్క. రెంటి ఫలితాలనూ కలిపి సగటు తీయకూడదు.

చిన్న అణువులకు చార్మ్ పారామితులు కట్టే సీజెన్‌ఎఫ్‌ఎఫ్ సర్వర్, వాటితో పాటు ప్రతి దానికీ ఒక పెనాల్టీ (ఎంత నమ్మలేమో చెప్పే అంకె) ఇస్తుంది. 10 లోపు ఉంటే వాడుకోవచ్చు, 10 నుంచి 50 మధ్య ఉంటే సరిచూడాలి, 50 దాటితే క్వాంటమ్ లెక్కతో మళ్లీ కట్టాలి. పెనాల్టీ ఎక్కువ పడే అవకాశం బీటా-లాక్టమ్ వలయం చుట్టూనే, ముఖ్యంగా దానికి అతుక్కున్న అమైడ్ డైహెడ్రల్స్‌లో (బంధాల చుట్టూ తిరిగే కోణాల్లో). అణువు ఇరుకులో ఎంత సాగి, ఎంత ముడుచుకుని వెళ్తుందన్నది ఆ డైహెడ్రల్స్ నిర్ణయిస్తాయి. అక్కడ పని తప్పించుకోవద్దు.

పొర

అసలైన బయటి పొర కావాలంటే చార్మ్-జీయూఐ అనే వెబ్‌సైట్‌లోని మెంబ్రేన్ బిల్డర్‌లో బయటి వైపు ఓ-యాంటిజెన్ (చివరి పొడవాటి చక్కెర గొలుసు) లేని లైపోపాలీశాకరైడ్, లోపలి వైపు పీఈ 75 శాతం, పీజీ 20, కార్డియోలిపిన్ 5 శాతం (మూడూ ఫాస్ఫోలిపిడ్లే) పెట్టండి. రెండు వైపులా సంఖ్యలు సమానంగా పెట్టకూడదు. లైపోపాలీశాకరైడ్‌లో పొరలో దిగి ఉండే భాగమైన లిపిడ్-ఏకు ఆరు కొవ్వు తోకలుంటాయి, ఒక్కొక్కటి దాదాపు మూడు ఫాస్ఫోలిపిడ్ల చోటు తీసుకుంటుంది. ప్రోటీన్ ఆక్రమించిన వైశాల్యాన్ని రెండు వైపులా విడిగా తీసేసి, మిగిలిన వైశాల్యాన్ని బట్టి సంఖ్యలు వేయండి. తేడా వస్తే పొర ఒక వైపు లాగబడుతుంది, లేదా వంగుతుంది. లిపిడ్-ఏ ఫాస్ఫేట్ల మధ్య కాల్షియం అయాన్లు ఉండాలి. వాటి బదులు పొటాషియం ఒక్కటే పెడితే పక్కపక్క అణువులు విడిపోతాయి. లైపోపాలీశాకరైడ్ చాలా నెమ్మదిగా కదులుతుంది కాబట్టి మీరు మొదట ఎక్కడ పెడితే దాదాపు అక్కడే ఉండిపోతుంది. వేర్వేరుగా కట్టిన రెండు మూడు పొరలు నడపడం ఒక్కటే దానికి మందు.

మీ ప్రశ్న ఇరుకు దగ్గరి అడ్డంకి ఎంత అన్నదైతే మాత్రం డీఎంపీసీ అనే ఒక్క ఫాస్ఫోలిపిడ్‌తో కట్టిన పొర చాలు. దాని మందం ఓంప్‌ఎఫ్ కొవ్వు పట్టీకి సరిపోతుంది, తక్కువ సమయంలో స్థిరపడుతుంది. రంధ్రం నోటి దగ్గర చక్కెర గొలుసులకు మందు అతుక్కుంటుందా అన్నది తెలుసుకోవాలనుకున్నప్పుడే లైపోపాలీశాకరైడ్‌కు వెళ్లమని మా సలహా. దిగువ లెక్కలు డీఎంపీసీకే రాస్తున్నాం.

12 × 12 × 12 నానోమీటర్ల పెట్టె అంటే సుమారు 1,70,000 పరమాణువులు. 2 ఫెమ్టోసెకన్ల అడుగు, హైడ్రోజన్ పరమాణువులున్న రసాయన బంధాల పొడవు మారకుండా లింక్స్, వాండర్‌వాల్స్ 1.0 నుంచి 1.2 నానోమీటర్ల మధ్య ఫోర్స్-స్విచ్, దూరపు విద్యుత్ బలాలను లెక్కించడానికి పీఎంఈ, డిస్పర్షన్ సవరణ లేకుండా. ఉష్ణోగ్రత 310 కెల్విన్, పీడనం 1 బార్, సెమీ-ఐసోట్రోపిక్. కటాఫ్‌లు చార్మ్ కోసం చెప్పినవే వాడాలి. ఆంబర్ పాఠం నుంచి కాపీ చేసిన సెట్టింగులతో లిపిడ్ వైశాల్యం మారిపోతుంది. చార్మ్-జీయూఐ ఇచ్చే ఆరు దశలూ వరుసగా నడిపాక, ఏ బంధనాలూ లేకుండా కనీసం 100 నానోసెకన్లు వదలండి.

ఆ 100లో ఎల్3 చూడండి. బ్యారెల్‌ను స్ఫటిక నిర్మాణం మీద పరిచి, ఎల్3 సీ-ఆల్ఫాల (ప్రతి రెసిడ్యూ మధ్య కార్బన్ల) ఆర్‌ఎంఎస్‌డీ, అంటే అవి సగటున ఎంత జరిగాయన్నది, లెక్కించండి. 0.25 నానోమీటర్లు దాటి అక్కడే నిలబడిపోతే ముందుకెళ్లకండి, గ్లూటమేట్ 296 ప్రోటాన్‌ను మళ్లీ చూడండి.

మందు పెట్టే ముందు అయాన్ల పరీక్ష

ఈ పరీక్ష చాలామంది వదిలేస్తారు. 1 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో ఓంప్‌ఎఫ్ ట్రైమర్ వాహకత్వం ప్రయోగాల్లో సుమారు 4 నానోసీమెన్స్. 100 మిల్లీవోల్టుల దగ్గర అది 400 పికోఆంపియర్లు, అంటే నానోసెకనుకు రెండున్నర అయాన్లు. 100 నానోసెకన్లలో దాదాపు 250 దాటాలి. ఈ పరీక్షకు ఉప్పు 1 మోలార్ పెట్టిన వేరే పెట్టె కట్టుకోండి.

విద్యుత్ క్షేత్రం ఇచ్చేటప్పుడు వోల్టేజీని పొర మందంతో భాగించకండి, పెట్టె మొత్తం ఎత్తుతో భాగించాలి. 0.1 వోల్టును 12తో భాగిస్తే నానోమీటరుకు 0.0083 వోల్టు. ఎత్తు మారకుండా స్థిర ఘనపరిమాణంలో నడపండి. వచ్చిన విలువ కొంచెం ఎక్కువైనా కంగారు పడొద్దు. చార్మ్‌తో వాడే టిప్3పీ అనే నీటి నమూనా స్నిగ్ధత అసలు నీటిలో మూడో వంతే, అందువల్ల అన్నీ వేగంగా కదులుతాయి. సగానికి సగం తక్కువ వస్తే మాత్రం రంధ్రం మూసుకుపోయిందని అర్థం.

అంబ్రెల్లా శాంప్లింగ్

ఇందులో రంధ్రం దారిని చిన్న ముక్కలుగా (విండోలు) చేసి, ఒక్కో దాంట్లో అణువును ఊహా స్ప్రింగుతో పట్టి ఉంచి, దారి పొడవునా ఫ్రీ ఎనర్జీ ఎలా మారుతుందో కడతాం. కొలిచే దిశ జెడ్, అంటే పొరకు నిలువు. మూలబిందువు ఆ ఒక్క గొలుసు బీటా బ్యారెల్ సీ-ఆల్ఫాల కేంద్రం. మొత్తం ట్రైమర్‌నో పొరనో మూలంగా తీసుకుంటే పొర అలలు మీ గ్రాఫ్‌లోకి వచ్చేస్తాయి. గ్రోమాక్స్ పుల్ సెట్టింగుల్లో డైరెక్షన్ జామెట్రీ వాడండి. డిస్టెన్స్ జామెట్రీ పెడితే సున్నా దగ్గర పైన, కింద అనే తేడా పోతుంది. ఇరుకు ఉన్నది సరిగ్గా అక్కడే.

విండోల మధ్య దూరాన్ని ఊహతో వేయకండి. 310 కెల్విన్ దగ్గర కేటీ (ఉష్ణ శక్తి) విలువ మోలుకు 2.58 కిలోజౌళ్లు. స్ప్రింగ్ స్థిరాంకం 1000 (మోలుకు, చదరపు నానోమీటరుకు కిలోజౌళ్లలో) అయితే అణువు ఊగే వెడల్పు 2.58/1000కు వర్గమూలం, అంటే 0.05 నానోమీటర్లు. అప్పుడు 0.1 దూరం సరిపోతుంది. అదే స్ప్రింగ్ 4000 చేసి దూరం 0.1 ఉంచితే హిస్టోగ్రామ్‌ల మధ్య ఖాళీలు పడతాయి. అందుకని +3.5 నుంచి -3.5 దాకా 0.1 చొప్పున 71 విండోలు, ఇరుకున్న +0.5, -0.5 మధ్య 4000 స్ప్రింగుతో 0.05 చొప్పున ఇంకో 10, మొత్తం 81. ఆ భాగంలో పాత విండోలకూ 4000 పెట్టండి.

ట్రైమర్‌లో మూడు రంధ్రాలున్నాయి కదా, మూడింటిలోనూ ఒక్కో ఆంపిసిలిన్ వేర్వేరు ఎత్తుల్లో పెట్టండి. 81 విండోలు 27 రన్‌లలో అయిపోతాయి. ప్రతి విండోనూ రెండు సార్లు నడపాలి: ఒకసారి అమైన్ ముందు, ఒకసారి కార్బాక్సిల్ ముందు. 54 రన్‌లు, ఒక్కోటి 100 నానోసెకన్లు, కలిపి 5.4 మైక్రోసెకన్లు. జీపీయూ రోజుకు 50 నానోసెకన్లు ఇస్తే, ఎనిమిది జీపీయూల మీద రెండు వారాలు. ఇవి ఒకదానిమీద ఒకటి ఆధారపడవు కాబట్టి ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవ సూపర్‌కంప్యూటర్ లాంటి చోట అరే జాబ్‌గా (ఒకేసారి పంపే సమాంతర పనుల గుంపుగా) పంపొచ్చు. సమయం అయిపోతే చెక్‌పాయింట్ నుంచి కొనసాగుతాయి.

మొదటి స్థానాల కోసం లాగేటప్పుడు పికోసెకనుకు 0.0005 నానోమీటర్లు మించొద్దు. వేగంగా లాగితే కార్బాక్సిలేట్ ఆర్జినిన్‌లను పట్టుకుని వదలదు, స్ప్రింగ్ సాగుతుంది, చివరికి ఎల్3ని కూడా వెంట లాక్కుపోతుంది. ఆ దెబ్బతిన్న ఎల్3తోనే మీ విండోలన్నీ మొదలవుతాయి. పై నుంచి కిందికి, కింద నుంచి పైకి రెండు దిశల్లోనూ లాగి స్థానాలు తీసుకోండి.

రంధ్రం బయట అణువు పక్కకు తిరిగిపోకుండా ప్లమ్‌డ్ అనే అనుబంధ సాఫ్ట్‌వేర్‌లో 1.2 నానోమీటర్ల వ్యాసార్ధంతో గోడ పెట్టండి. గ్రోమాక్స్ సొంత ఫ్లాట్-బాటమ్ బంధనం స్థిర నిరూపకాలకు కట్టి ఉంటుంది. ప్రోటీన్ జరిగితే గోడ అక్కడే ఉండిపోతుంది, ఇక్కడ అది పనికిరాదు.

గ్రాఫ్ నున్నగా ఉంది, కానీ నమ్మొచ్చా

మొదటి 20 నానోసెకన్లు పక్కన పెట్టి, విండోలన్నిటినీ కలిపి ఒక్క ఫ్రీ ఎనర్జీ గ్రాఫ్ కట్టే వ్యామ్ నడపండి. నున్నటి గీత వస్తుంది. అది దేనికీ రుజువు కాదు.

వోల్టేజీ లేనప్పుడు రెండు చివర్లా ఉన్నది ఒకే నీరు కాబట్టి, +3.5 దగ్గరా -3.5 దగ్గరా ఫ్రీ ఎనర్జీ సమానం కావాలి. తేడా 2.58 దాటితే మధ్యలో ఎక్కడో శాంప్లింగ్ కుదరలేదని అర్థం. వ్యామ్‌లోని సైకిల్ ఆప్షన్ రెండు చివర్లనూ బలవంతంగా కలిపేసి ఈ తప్పును దాచేస్తుంది, వాడకండి.

తర్వాత అణువు కోణం. అమైన్ నుంచి కార్బాక్సిల్‌కు గీసిన గీతకూ జెడ్‌కూ మధ్య కోణాన్ని ప్రతి విండోకూ కాలం మీద గీయండి. రంధ్రం నోటి దగ్గర అది స్వేచ్ఛగా తిరుగుతుంది. ఇరుకులో అడ్డంగా ఉన్న క్షేత్రం అణువు డైపోల్‌ను పట్టేస్తుంది. కార్బాక్సిలేట్ ఆర్జినిన్‌ల వైపు, అమైన్ ఎల్3 వైపు తిరిగి ఉండిపోతాయి. రెండు తీర్ల నుంచి మొదలైన రన్‌లు ఒకే కోణాల పంపిణీకి చేరితే ఆ విండో సరే. 100 నానోసెకన్లు గడిచినా ఒకటి 40 డిగ్రీల దగ్గర, ఇంకోటి 140 దగ్గర నిలబడి ఉంటే, ఇంకో 100 పెంచినా ప్రయోజనం తక్కువ. ఆ ప్రాంతానికి మాత్రం జెడ్, కోణం రెండింటినీ తీసుకుని వెల్-టెంపర్డ్ మెటాడైనమిక్స్ (ఇప్పటికే చూసిన చోట్లను చిన్న శక్తి కొండలతో నింపి అణువును కొత్త చోట్లకు నెట్టే పద్ధతి) నడపండి: కొండ ఎత్తు 1 కిలోజౌల్, వెడల్పు 0.05 నానోమీటర్లు, 0.15 రేడియన్లు, 500 అడుగులకోసారి, బయాస్ ఫ్యాక్టర్ 15 దగ్గర.

ఉన్న డేటానే మళ్లీ మళ్లీ తీసి లెక్కించే బూట్‌స్ట్రాప్ ఎర్రర్ బార్లు చిన్నగా వచ్చాయని సంతోషించకండి. మీరు చూడని కోణాల గురించి అవి ఏమీ చెప్పవు. రెండు దిశల నుంచి వచ్చిన గ్రాఫ్‌ల మధ్య తేడానే మీ అసలు ఎర్రర్.

దాటే వేగం

ప్రతి విండోలో జెడ్ వేరియన్స్‌ను, దాని ఆటోకోరిలేషన్ సమయంతో భాగిస్తే అక్కడి డిఫ్యూజన్ గుణకం వస్తుంది. ఫ్రీ ఎనర్జీని కేటీతో భాగించి, ఎక్స్‌పొనెన్షియల్ తీసి, డిఫ్యూజన్‌తో భాగించి, జెడ్ వెంబడి ఇంటిగ్రేట్ చేయండి. బయటి నీటిలో ఫ్రీ ఎనర్జీ సున్నాగా తీసుకోవాలి. గోడ వైశాల్యాన్ని (1.2 వ్యాసార్ధానికి సుమారు 4.5 చదరపు నానోమీటర్లు) ఆ ఇంటిగ్రల్‌తో భాగిస్తే ఒక్క రంధ్రం పర్మియబిలిటీ (అణువు ఎంత సులువుగా దాటుతుందో చెప్పే అంకె). ఈ వైశాల్యం మర్చిపోతే గోడను ఎక్కడ పెట్టారన్న దాన్ని బట్టి మీ జవాబు మారిపోతుంది.

అడ్డంకిలో 6 కిలోజౌళ్ల పొరపాటు వేగాన్ని పది రెట్లు మారుస్తుంది. కాబట్టి ఒక్క మందు సంఖ్యను ప్రయోగంతో నేరుగా పోల్చకండి. అదే పద్ధతిలో రెండు మూడు మందులను నడిపి వాటి వరుసను పోల్చండి. ఆంపిసిలిన్‌తో కూడిన ఓంప్‌ఎఫ్ స్ఫటిక నిర్మాణం 2013లో ప్రచురితమైంది. మీ గ్రాఫ్‌లోని లోతైన గుంటల్లో అణువు ఉన్న తీరును దాని పక్కన పెట్టి చూడండి. ఆర్జినిన్ 132ను అలనిన్‌గా మార్చి ఇరుకు దగ్గరి విండోలను మళ్లీ నడిపితే, కార్బాక్సిలేట్‌కు పట్టు ఎంత తగ్గిందో నేరుగా కనిపిస్తుంది. దానికి 81 విండోలూ అక్కర్లేదు. +1.0 నుంచి -1.0 దాకా చాలు.