నెలలు నిండని బిడ్డకు ఉగ్గుగిన్నెతో పాలు పట్టడం ఎలా?

నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి చెన్నై పిల్లల ఆసుపత్రులకు వచ్చే తల్లులు మొదట అడిగేది ఒక్కటే: "సిస్టర్, ట్యూబ్ ఎప్పుడు తీస్తారు?" ముక్కులోంచో నోట్లోంచో బిడ్డ కడుపులోకి పాలు పంపే గొట్టం అది. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ ఒకదానికొకటి అడ్డుపడకుండా సాగాలంటే బిడ్డకు, పుట్టిన రోజు నుంచి కాదు, గర్భం లెక్క ప్రకారం సుమారు 34 వారాలు నిండాలి. ఉగ్గుగిన్నెతో మాత్రం 32 దాటాక, డాక్టరు సరేనంటే, మొదలుపెట్టొచ్చు.

సామాను ఎక్కువేం అక్కర్లేదు. మరిగించిన స్టీలు ఉగ్గుగిన్నె (ఇక్కడ పాలాడై అంటారు), పిండిన తల్లిపాలు, మెత్తటి గుడ్డ. చేతులు సబ్బుతో కడగాలి. పాలసీసా మాత్రం నా వార్డులోకి రానివ్వను. నిపిల్‌లోంచి పాలు బిడ్డ మింగకపోయినా కారుతూనే ఉంటాయి, లోపల మూలలు శుభ్రం చేయడమూ కష్టం. గిన్నెలో ఎంత పోతోందో కళ్లకు కనిపిస్తుంది, వంపు తగ్గిస్తే ఆగిపోతుంది.

ట్యూబ్‌తో పాలు వెళ్తున్నప్పుడే, పాలు పిండేసిన రొమ్మును బిడ్డకు అందించి చప్పరించనివ్వండి. కడుపు నిండడానికీ నోటికీ సంబంధం అప్పుడే కుదురుతుంది.

ఇక గిన్నె. అందరూ పాడుచేసేది ఇక్కడే. నిద్రపోతున్న బిడ్డకు, ఏడుస్తున్న బిడ్డకు పట్టకూడదు. మెలకువగా ఉండి నాలుక కదిలిస్తుంటేనే మొదలుపెట్టాలి. గుడ్డ చుట్టి, తల ఎత్తుగా, మెడ వెనక్కి వాలకుండా ఒళ్లో పట్టుకోండి. గిన్నె సగమే నింపండి. కొన పెదవుల మూలకు ఆనించి నాలుగు చుక్కలు వంచి ఆగండి. గొంతు కదలాలి. ఆ తర్వాత ఊపిరి తీసుకోవాలి. ఆ ఊపిరి చూశాకే మళ్లీ వంచాలి. చాలామంది మింగడం చూస్తారు, ఊపిరి కోసం ఆగరు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయేది అప్పుడే.

కళ్లు గిన్నె మీద కాదు, బిడ్డ ముఖం మీద ఉండాలి. కనుబొమలు లేచినా, వేళ్లు విచ్చుకున్నా, ముక్కుపుటాలు ఎగసినా, పాలు పక్కకు కారినా ఆపాలి. పెదవుల చుట్టూ నీలమైతే, మానిటర్‌లో గుండె వేగం 100 కిందికి పడితే, వెంటనే ఆపి, తలా మెడా పట్టుకుని కూర్చోబెట్టి కొద్దిగా ముందుకు వంచి, డాక్టరును పిలవండి. ఆ పూటకు నోటితో ఇక చాలు.

పొద్దున రౌండ్స్‌లో "ఎన్ని ఎమ్మెల్ తాగింది?" అంటారు, బయట అమ్మమ్మ కూడా అదే అడుగుతుంది. ఆ అంకె కోసమే బుగ్గలు నొక్కడం, అరికాళ్లు చిటికెలేసి లేపడం. దయచేసి చేయకండి. బలవంతంగా పట్టిన బిడ్డ నోరు ముట్టుకుంటేనే మొహం తిప్పుకుంటుంది, దాన్ని మాన్పడానికి వారాలు పడుతుంది. అరగంట దాటితే బిడ్డ అలసిపోతుంది, మిగిలింది ట్యూబ్‌లో ఇచ్చేయండి. చార్టులో ఎంత తాగిందో రాయండి, ఎలా తాగిందో కూడా రాయండి.

తల్లి చేత, నర్సు పక్కనుండగా, కొన్ని పూటలు పట్టించాకే డిశ్చార్జ్. ఇంట్లో పడుకోబెట్టి పట్టొద్దు. వరసగా రెండు పూటలు తాగకపోయినా, ఒక్కసారి నీలమైనా, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి.