ఫినాయిల్ వాసన పడనివాళ్ళకి: వంటసోడా, నిమ్మ ఉప్పు, కుంకుడుకాయలు

నాకు ఫినాయిల్ వాసన పడదు, తుడిచిన అరగంటకి తలనొప్పి మొదలు. మా అత్తయ్యకేమో వాసన రాకపోతే ఇల్లు తుడిచినట్టే కాదు. ఈ పంచాయితీ రెండేళ్ళు నడిచాక ఇప్పుడు మా ఇంట్లో మూడే మూడు మిగిలాయి, వంటసోడా, నిమ్మ ఉప్పు, కుంకుడుకాయలు. అన్నీ కిరాణా కొట్లో దొరికేవే. వెనిగర్ వాడొచ్చుగా అంటారు, దాని ఘాటు దానికుంది కదండీ, నిమ్మ ఉప్పు వాసన లేకుండా అదే పని చేస్తుంది.

ముందు కుంకుడు రసం. పది పన్నెండు కాయలు కొట్టి గింజలు తీసేసి అర లీటరు నీళ్ళలో రాత్రి నానబెట్టండి, పొద్దున్నే పది నిమిషాలు మరిగించి, చల్లారాక చేత్తో బాగా పిసికి పాత చున్నీలో వడకట్టడమే. బకెట్ నీళ్ళకి ఒక కప్పు చాలు. కొంచెం కుంకుడు వాసన ఉంటుంది గానీ నేల ఆరాక తెలీదు. బయట ఉంచితే రెండు మూడు రోజులకే పులిసిపోతుంది, ఫ్రిజ్‌లో పెడితే వారం దాకా ఉంటుంది, కానీ సీసా మీద పేరు రాయండి ప్లీజ్, మా ఆయన ఒకసారి చింతపండు రసం అనుకుని చారులో పోశాడు, గిన్నె నిండా నురగే నురగ.

వంటసోడా జిడ్డుకి. కొంచెం నీళ్ళతో ముద్దలా కలిపి స్టవ్ మీద, చిమ్నీ అంచుల్లో రాసి పావుగంట వదిలేసి తడిగుడ్డతో తుడిచేయండి. ఫ్రిజ్ లోపలికి లీటరు గోరువెచ్చని నీళ్ళలో నాలుగు స్పూన్లు కలిపి తుడిస్తే పాత కూరల వాసన కూడా పోతుంది. అల్యూమినియం గిన్నెలకి మాత్రం వద్దు, నల్లబడతాయి.

ఇక బోరు నీళ్ళ ఇళ్ళలో ఉన్నవాళ్ళకి అసలు వరం నిమ్మ ఉప్పు. కుళాయిల మీద తెల్లగా గట్టిపడేది సున్నం, దాన్ని సబ్బు ఏమీ చేయలేదు, పులుపే కరిగిస్తుంది. గ్లాసు నీళ్ళలో రెండు టీస్పూన్లు కలిపి గుడ్డ తడిపి కుళాయికి చుట్టి అరగంట ఆగండి, తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు. కెటిల్‌లో కూడా ఇవే నీళ్ళు మరిగించి కాసేపుంచి పారబోసి రెండుసార్లు కడిగేస్తే అడుగు తళతళ.

కానీ ఒక్క మాట, ఇది నాకు డబ్బు వదిలాక తెలిసింది. తాండూరు బండలు, కడప రాయి, పాలరాయి ఇవన్నీ సున్నం జాతి రాళ్ళే. కుళాయి మీద సున్నాన్ని తిన్నట్టే పులుపు వీటినీ తినేస్తుంది. మా వంటింటి కడప రాయి అరుగు మీద నిమ్మ ఉప్పు నీళ్ళు ఒలికితే పొద్దున తుడుద్దాంలే అని వదిలేశా, తెల్లారేసరికి అక్కడ పాలిష్ పోయి బూడిద రంగు మచ్చ, మళ్ళీ పాలిష్ పట్టించేదాకా దాని మీద పళ్ళెం బోర్లించి పెట్టాను. అందుకే రాతి నేలకి కుంకుడు రసమే.

సోడా, నిమ్మ ఉప్పు కలిపి సింకులో పోస్తే బుస్సుమని పొంగుతుంది, వీడియోల్లో చూడ్డానికి బాగుంటుంది అంతే, రెండూ ఒకదాన్నొకటి చంపుకుని చివరికి మిగిలేది ఉప్పునీళ్ళ లాంటిదే. జిడ్డు పట్టిన సింకుకి కాస్త సబ్బేసి బాగా వేడి నీళ్ళు పోయండి, అదే మేలు.

ఇంకోటి, వీటితో మురికి పోతుంది గానీ క్రిములన్నీ చావవు. ఇంట్లో ఎవరికైనా వాంతులు విరేచనాలు అయితే ఆ బాత్రూమ్‌కి బ్లీచింగ్ వాడాల్సిందే, కిటికీలు తీసి. ఆ రోజు నిమ్మ ఉప్పు సీసా, టాయిలెట్ కడిగే యాసిడ్ రెండూ అటకెక్కించేయండి, బ్లీచింగ్‌లో పులుపు పడితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరాడదు.