పాత సైన్స్ ఫిక్షన్ నవలని చెడగొట్టకుండా సీరియల్‌గా మలచడం

ముందు హక్కుల సంగతి తేల్చుకోండి. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది. ఇంగ్లిష్ సైన్స్ ఫిక్షన్ రచయిత హెచ్.జి. వెల్స్ 1946లో పోయాడు కాబట్టి ఆయన నవలలకి బెంగ లేదు. మరో ఇంగ్లిష్ రచయిత జాన్ విండమ్ పోయింది 1969లో. 2029 చివరిదాకా అనుమతి లేనిదే ముట్టుకోకూడదు. బ్రిటన్‌లో ఈ గడువు 70 ఏళ్ళు.

నమూనాగా విండమ్ 'ది డే ఆఫ్ ది ట్రిఫిడ్స్' (1951) తీసుకోండి. ఒక్క రాత్రిలో దాదాపు అందరికీ చూపు పోతే, ట్రిఫిడ్‌లనే నడిచే విషపు మొక్కలు మనుషుల మీద పడే కథ అది. దాని 1962 సినిమానీ, 1981 బీబీసీ సీరియల్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి.

నవలని సన్నివేశాలుగా విడగొట్టి రాసుకోండి: ఎక్కడ, ఏం జరిగింది, చూసేవాళ్ళకి కొత్తగా ఏం తెలిసింది. స్క్రిప్టులో పేజీ అంటే తెరమీద ఇంచుమించు ఒక నిమిషం. బీబీసీ సీరియల్ సుమారు అరగంట చొప్పున ఆరు భాగాలు. నవలకి 17 అధ్యాయాలు. భాగానికి మూడేసి అధ్యాయాలని పంచితే పప్పులో కాలేసినట్టే. ఎక్కడ ఆపితే 'తర్వాతేంటి?' అనిపిస్తుందో అక్కడే తెంచాలి.

అసలు చిక్కు ఉత్తమ పురుష కథనంతో, అంటే హీరోనే 'నేను' అంటూ కథ చెప్పడంతో. మొదట్లో ఆ హీరో బిల్ మేసన్ కళ్ళకి కట్టుతో ఆస్పత్రి మంచం మీద ఉంటాడు. ఆ వెంటనే రెండో అధ్యాయం నిండా ట్రిఫిడ్ మొక్కల పూర్వకథ. అది కోసేస్తే తర్వాత వాటిని చూసి ఎందుకు భయపడాలో ఎవరికీ అర్థం కాదు. వాయిస్ ఓవర్‌లో దంచితే పాఠం వింటున్నట్టుంటుంది. సీరియల్ రాసిన డగ్లస్ లివింగ్‌స్టన్ బిల్ చేతికి టేప్ రికార్డర్ ఇచ్చాడు. చూపు కట్టేసిన మనిషి మాట్లాడటానికి అదో సాకు. ఆ మాటల వెంటే పాత దృశ్యాలు వస్తాయి. మీ స్క్రిప్టులోనూ ప్రతి వివరణకీ ఇలాంటి సాకు వెతకండి. డైలాగు కొట్టేసినా సీను అర్థమైతే ఆ డైలాగు అక్కర్లేదు.

ముగింపు జోలికి పోకండి. 1962 సినిమాలో సముద్రపు నీళ్ళు తగిలితే మొక్కలు కరిగిపోతాయి. నవలలో అలాంటి విరుగుడే లేదు; చివరికి బిల్ వాళ్ళు ఐల్ ఆఫ్ వైట్ అనే దీవికి బయల్దేరతారు. లోకమంతా గుడ్డిదైపోతే చూపున్నవాడు ఎవరిని కాపాడాలన్నది అసలు కథ. మొక్కల్ని చంపే మందు దొరికిందా, ఆ ప్రశ్న గాలికి పోతుంది.

కథని ఈ కాలానికి తెస్తే మొబైల్ టవర్లు, కరెంటు ఎన్నాళ్ళు పనిచేస్తాయో ముందే లెక్కేసుకోండి.

ఇక మొక్క. బీబీసీ ట్రిఫిడ్ లోపల ఓ మనిషి ముడుచుకుని కూర్చుని నడిపేవాడు. ఉక్క తట్టుకోవడానికి దాని మెడలో ఫ్యాన్ పెట్టారు. ఇలాంటి బొమ్మని పట్టపగలు నిలువెత్తున ఎక్కువసేపు చూపిస్తే గుట్టు బయటపడుతుంది. కాండం దగ్గర పుల్లలు టకటకలాడే చప్పుడు నవలలోనే ఉంది. ముందు అది వినిపించండి, ఖర్చూ తక్కువే.